పురుగు లేని చిల్లు

పెదకాకాని
ఏప్రిల్ 4, 2020

అమ్మడూ,

స్వామి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మీ బావగారూ. గుడి తలుపులు మూశారు. లోపల నిత్యపూజ మాత్రం జరుగుతోంది. బావగారి వంతు వారానికి రెండు రోజులే వస్తోంది. మిగతా రోజులు ఆయన నా వంటింట్లో అర్చకత్వం చేస్తున్నారు.

ఉగాదికని రెండు రోజులుందామని అత్తగారింటికి వెళ్ళి అక్కడే చిక్కుపడ్డావు. నిన్న ఫోను చేస్తే 'ఊఁ', 'ఊఁహూఁ', 'ఎండలు మండిపోతున్నాయి' తప్ప ఇంకేమీ మాట్లాడలేదు నువ్వు. డాబా మీద తప్ప సిగ్నల్ అందదనీ, డాబా మీద మీ అత్తగారు మిరపకాయలు ఎండబోసి కూర్చున్నారనీ అర్థమైంది. అందుకే ఉత్తరం. పోస్టు బండ్లు తిరుగుతున్నాయట.

రెండే అడుగుతాను.

గుంటూరులో పక్కింటి నర్సమ్మ వేసే సూది ఇప్పుడు ఎవరు వేస్తున్నారు? మూడో నెల నిండేదాకా ఒక్క రోజు కూడా మానకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా.

వాళ్ళింట్లో చెప్పావా?

నీళ్ళు బాగా తాగు. దీపం పెట్టేటప్పుడు నీ పేరే చెబుతున్నాను.

అక్క


రేగడిపాలెం, దర్శి దగ్గర
ఏప్రిల్ 11

అక్కయ్యా,

నీ ఉత్తరం పోస్టుమాను ప్రేమదాసు గేటు అవతలనించి కర్రతో అందించాడు. కర్ర చివర బట్టల క్లిప్పు కట్టుకున్నాడు. అత్తయ్య దానిమీద పసుపునీళ్ళు చల్లి గాని లోపలికి రానివ్వలేదు. నీ ఆశీస్సులు పచ్చగా చేరాయి.

రెండో ప్రశ్నకి ముందు జవాబు. చెప్పలేదు. కడుపు సంగతీ చెప్పలేదు, వైద్యం సంగతీ చెప్పలేదు. పోయిన రెండుసార్లూ నెల తిరక్కముందే సంబరంగా చెప్పాను. పోయాక ఊరంతా వరసగా వచ్చి చాప మీద కూర్చుంది. అత్తయ్య ఒక్కతే ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇక ఇది సూదులతో, గాజు గిన్నెలతో నిలిపిన కడుపని తెలిస్తే ఏమంటుందో. పంతుళ్ళింటి పిల్లని కొడుకు ప్రేమించి తెస్తే సరేనంది. ఆ పిల్లకి పిల్లలు కూడా ఆస్పత్రివాళ్ళే ఇవ్వాలా అంటే నేనేం చెప్పను? మూడో నెల నిండాక చూద్దామని నేనూ కోటేషూ ఒట్టేసుకున్నాం.

అందాకా నా వాంతులన్నీ మిరప ఘాటు ఖాతాలో పడుతున్నాయి. గుంటూరు మిర్చి యార్డు మూసేశారుగా, పంటంతా గోనెల్లో కుక్కి టిక్కీలు కట్టి ముందుగదిలో కప్పుదాకా పేర్చారు. ఈ ఇంట్లో ఎవరు ఎందుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నా ఎవరూ అడగరు. అదొక్కటే సుఖం.

ఇప్పుడు మొదటి ప్రశ్న. సూది కోటేష్ వేస్తున్నాడు.

నవ్వకు. దర్శి రోడ్డు మీద పోలీసులు నిలబడ్డారు. ఊళ్ళో నర్సమ్మ నస్రత్ ఉంది, మంచి మనిషి. కానీ పొద్దున్నే అత్తయ్య దగ్గర పాలు పోయించుకుంటుంది. పాలు అటు వెళ్తే కబురు ఇటు వస్తుంది. అందుకని అత్తయ్య పాలు పితికేవేళ డాబా ఎక్కాం, డాక్టరమ్మ దగ్గరి నర్సు వీడియోలో కోటేష్‌కి నేర్పింది. 'మెత్తగా ఉండి, పైన తోలున్న పండేదైనా తీసుకుని సాధన చెయ్యండి సార్. బత్తాయి బాగుంటుంది' అంది. బత్తాయి ఎక్కడ దొరుకుతుంది? పెరట్లో అత్తయ్య వంగతోట ఉంది.

నీ మరిది కాలేజీలో బోటనీ చెబుతాడు కదా, వంకాయని పేరుపెట్టి పిలవగలడు. గుచ్చలేడు. మొదటి రోజు గదిలో తలుపేసుకుని, వంకాయని దిండు మీద పడుకోబెట్టి, దూదితో తుడిచి, 'కొంచెం నొప్పిగా ఉంటుందండీ' అన్నాడు.

'వంకాయతో అండీ ఏంటి?' అన్నాను.

'అలవాటు కావాలి కదా. రేపు నీతో అనాలిగా.'

'పదేళ్ళలో నన్ను ఒక్కసారి అండీ అన్నావా?'

నీళ్ళు నింపిన సూది గుచ్చాడు. వంకాయకి ఏమీ కాలేదు. తనకి కళ్ళు తిరిగాయి. నేనే విసనకర్రతో విసిరాను. ఆ తర్వాత నా వంతు వచ్చింది. వేశాడు. మంచివాడే పాపం. కానీ రోజూ ముందు వంకాయలకి వేస్తేగాని చెయ్యి కుదురుగా ఉండదంటాడు. అవి మళ్ళీ అత్తయ్య కూరగాయల బుట్టలోకే వెళ్తాయి. రోజూ వంకాయ కూర. గుత్తి, పులుసు, పచ్చడి, బండపచ్చడి. నాకు వంకాయ కనిపిస్తే నడుము నొప్పెడుతోంది.

బావగారికి నమస్కారాలు.

నీ అమ్మడు


పెదకాకాని
ఏప్రిల్ 17

అమ్మడూ,

చదివాను. నవ్వలేదు. మీ బావగారు నవ్వారు.

సూది మందు అయిపోవస్తుంటుందని గుంటూరునించి తెప్పించాను. దీంతోపాటు వచ్చే డబ్బాలో ఉంది. పైన విభూతి పొట్లం పెట్టాను. మీ అత్తగారు ఏమొచ్చిందని అడిగితే విభూతి అని చెప్పు. అది నిజమే. కింద ఏముందని ఆవిడ అడిగితే మాత్రం చెప్పెయ్యి. అబద్ధానికి నేను పార్సిలు కట్టలేను.

కోటేష్‌ని వేళ్ళు కడుక్కోమను. వంకాయకి వాడిన సూది నీ దరిదాపులకి రాకూడదు.

మీ అత్తగారు అప్పుడు ఏమీ అనలేదన్నావు. అనలేనివాళ్ళు కూడా ఏమీ అనరు. ఆలోచించు.

అక్క

(చి. అలేఖ్యకు శేషాచలం వ్రాయునది. మీ అక్క ఉత్తరం అంటించే ముందు లోపలికి దీపం చూడటానికి వెళ్ళింది గనక ఈ నాలుగు ముక్కలు. ఉగాదినించి ఈ ఇంట్లో వంకాయ వండటం లేదు. ఎందుకంటే చెప్పదు. 'మీరు తినాలనుకుంటే తినండి' అంటుంది. కానీ వండేది ఆవిడ. నీ ఉత్తరంలో గుత్తి, పులుసు అని చదివి నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఇకమీదట కూరల పేర్లు రాయకు తల్లీ.)


రేగడిపాలెం
ఏప్రిల్ 26

అక్కయ్యా,

డబ్బా చేరింది. అత్తయ్య విభూతి కళ్ళకద్దుకుని, కింద చూడకుండా నా చేతికిచ్చింది. నీ నిజం బతికింది. కానీ ఇక్కడ కొంప మునిగేట్టుంది.

అత్తయ్య చిల్లులు చూసేసింది.

వంకాయకి చిల్లుంటే పురుగుండాలి కదా. కోసింది. లేదు. ఇంకోటి కోసింది. లేదు. బుట్ట మొత్తం కోసి పెరట్లో పరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

'లోనికి పోయిన చిల్లుంది. బయటికొచ్చిన చిల్లు లేదు. లోపల పురుగు లేదు. మరి యాడికి బోయిందయ్యా?' అని మామయ్యని అడిగింది.

మామయ్య బుల్లయ్యగారు అరుగు మీదనించి, 'కొత్త రోగాలొచ్చినయ్, కొత్త పురుగులు రావా?' అన్నాడు.

'మాస్కు పెట్టుకుని వంకాయలోకి దూరిందంటావా?'

'ఏమో. నన్నడుగుతావే? నేను మిరప రైతుని.'

అంతలో ముందుగదిలోని టిక్కీల ఘాటుకి మామయ్య తుమ్మాడు. అత్తయ్య తుమ్మింది. నేనూ తుమ్మాను. ఇంటింటా దగ్గూ జలుబూ రాసుకుంటూ పోతున్న గ్రామ వాలంటీరు అమ్మాయి ఆగి, 'ఎంతమందికి తుమ్ములు?' అని గేటు బయటినించి అడిగింది. 'నాలుగు టిక్కీలు అమ్మిపెట్టు, ఒక్కరికీ ఉండవు' అంది అత్తయ్య.

నేను కోటేష్‌ని వంకాయలు మానెయ్యమన్నాను. ఒక రోజు బంగాళాదుంప మీద చూశాడు. సూది వంగింది. ఒక రోజు ఏ సాధనా లేకుండా నా దగ్గరికొచ్చాడు. గురి తప్పి, రెండుసార్లు గుచ్చాడు. ఇప్పుడు ఇంకో ఉపాయం కనిపెట్టాడు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, చెట్టునున్న కాయలకే వేస్తున్నాడు. కోస్తే లెక్క తెలుస్తుందట, చెట్టునుంటే తెలియదట. ఇతని దగ్గర పిల్లలు చదువుకుంటున్నారు అక్కయ్యా.

అసలు భయం ఇది. అత్తయ్య ఆ చిల్లుల ఫొటో పురుగుమందుల కొట్టు మొహిద్దీన్ బాషాకి పంపించింది. 'ఇంత తెలివైన పురుగుని నేను చూళ్ళేదమ్మా, గట్టి మందే కొట్టాలి' అన్నాడట. వచ్చే వారం తోటంతా కొడతానంటోంది. ఆ కాయలే నేను తినాలి. వద్దంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే అన్నీ చెప్పాలి. ఇంకా మూడో నెల నిండలేదు. ఈసారి కూడా అందరికీ తెలిశాక పోతే నేను మళ్ళీ ఆ చాప ఎదురుగా కూర్చోలేను.

మందు కొట్టేముందు మంత్రమేదైనా ఉందేమో నిన్నడుగుతానని ఫోను పట్టుకుని డాబా ఎక్కింది. ఆవిడ ఏమడిగినా నువ్వు తట్టుకో.

అమ్మడు


పెదకాకాని
ఏప్రిల్ 30

వదినగారికి నమస్కారాలు.

ఫోనులో మీరు వంకాయ పురుగుకి మంత్రం అడిగారు. ఆలోచించి రాస్తానన్నాను. మా ఇంట్లో పురుగుకి మంత్రం లేదు. మావారు పుస్తకాలన్నీ చూశారు. వంకాయ అనే మాట వచ్చినచోట మాత్రం కొంచెంసేపు ఆగారు.

నాకు తెలిసింది చెబుతాను. ఆ పురుగు మే నెల చివరికల్లా దానంతటదే పోతుంది. ఆకు తినదు, పూత రాల్చదు, పక్క చేనుకి పాకదు. చాలా పిరికి పురుగు. దానికి మందు కొట్టకండి. కొడితే దానికేమీ కాదు, తినేవాళ్ళకి అవుతుంది. ఈ ఒక్క మాట నాకోసం వినండి.

ఇదంతా నాకెలా తెలుసని అడగకండి. అడిగితే నేను అబద్ధం చెప్పలేను.

మా చెల్లెలు మీ దగ్గర ఉన్నందుకు నేను నిశ్చింతగా ఉన్నాను. ఇదీ నిజమే.

బాలత్రిపురసుందరి


రేగడిపాలెం
మే 7

సుందరమ్మ వదినగారికి హనుమాయమ్మ రాయించేది.

రాసేది నా కొడుకు కోటేష్. నేను చెప్పింది చెప్పినట్టు రాయకపోతే చెవి మెలేస్తానని చెప్పినా. అదీ రాయరా. రాశాడు.

వదినా, ఎలా తెలుసని అడగొద్దు అని రాశారు మీరు. అడగొద్దన్నాక నాకు ఇంక అన్నం దిగుతుందా? పంతుళ్ళింట్లో అబద్ధం ఉండదు. అంటే ఆ పురుగుని మీరు ఎరుగుదురు. పెదకాకానిలో ఉన్న మనిషి నా పెరట్లో పురుగుని ఎరగటమేంది? ఇదేదో చుట్టాల పురుగు అనుకున్నా.

నిన్న మిట్టమధ్యాహ్నం గడ్డివామి చాటున పీటేసుకుని కూచున్నా. తలుపు కిర్రుమంది. నా కొడుకు వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. లుంగీ ఎగ్గట్టాడు. వంగచెట్టు ముందు మోకాళ్ళ మీద కూచుని, కాయని దూదితో తుడిచాడు. తుడిచి, 'కొంచెం నొప్పిగా ఉంటుందండీ' అన్నాడు.

(ఇది రాయక్కర్లేదు కదమ్మా అన్నాను. రాయమంది. కోటేష్.)

వదినా, నా ప్రాణం జారిపోయింది. ఇంట్లో కూచోబెడితే కొందరికి పిచ్చెక్కుతుందని టీవీలో చెబుతున్నారుగా, వీడికి ఎక్కిందనుకున్నా. 'ఒరేయ్ కోటిగా' అన్నా. సూది కాయకి ఉండంగానే వెనక్కి పడ్డాడు. చూస్తే సూదిలో ఉత్త నీళ్ళే. 'ఏందిరా ఇది?' అంటే నేను ఇంకో మాట అడక్కముందే మొత్తం చెప్పేశాడు. గుంటూరు డాక్టరమ్మ, ఆరేళ్ళ తిరుగుడు, గాజు గిన్నె, కోడలి కడుపు, మీ విభూతి డబ్బా అడుగున సంగతి, అన్నీ. చిన్నప్పుడు బెల్లం దొంగతనం కూడా చెప్పాడు, అది నేను అడగలా.

(అడగలేదు. నిజమే. కోటేష్.)

వదినా, నేను నిలబడి విన్నా. విని కొట్టంలోకి పోయి చుక్కబర్రెని చూసి వచ్చా. వచ్చి వీణ్ణి అడిగినా. 'ఒరేయ్, ఆ చుక్కదానికి మూడు ఈతలూ సూదే కదరా. పశువుల డాక్టరు వచ్చి సూదేసి పోతే దూడలు పుట్టినయ్. ఏ దూడకన్నా తోక తక్కువైందా? పాలు పోసేటప్పుడు ఎవరన్నా ఇది సూది దూడ తల్లి పాలు, మాకొద్దు అన్నారా? బర్రెకి చేయిస్తే ఊరంతా చెప్పుకుంటిమి. మనిషికి చేయిస్తే దాచుకుంటిరా?'

వీడు కింద పడిన దూది ఏరుకుంటా కూచున్నాడు. చదువుకున్నాడు గదా.

నాకు కోపం రెండిటికే వచ్చింది. నా వంగతోట పాడుచేసినందుకు. ఆరేళ్ళు ఆ పిల్ల ఒక్కతే ఆస్పత్రి మెట్లు ఎక్కిందే, నన్నొకసారి తోడు పిలవనందుకు. ఇదీ రాయరా. ఆగావేం.

(రాశాను. కళ్ళకి మిరప ఘాటు తగిలింది. కోటేష్.)

మందు కొట్టను. బాషాకి ఫోన్ చేసి పురుగు దొరికిందని చెప్పినా. 'ఏం పురుగమ్మా?' అన్నాడు. 'డిగ్రీ చదివిన పురుగు' అన్నా.

ఉంటా.

హనుమాయమ్మ (వేలిముద్ర కాదు, సంతకమే. నాకూ వచ్చు.)


రేగడిపాలెం
మే 9

అక్కయ్యా,

అత్తయ్య ఉత్తరం చేరే ఉంటుంది. ఇది దాని తరవాయి.

ఆ రోజు కోటేష్‌ని పెరట్లోనే వదిలేసి ఆవిడ నేరుగా నా గదిలోకి వచ్చింది. మంచం మీద కూర్చుంది. నా పాదాలు వాచాయేమోనని నొక్కి చూసింది.

'పోయినసారి నేను ఏమీ అనలేదని మనసులో పెట్టుకున్నావంట. మావోడు చెప్పాడు' అంది.

'లేదత్తయ్యా.'

'ఉందిలే. అందరూ ఏదోటి అంటుంటే నువ్వు ఇంకా ఏడుస్తున్నావు. నేనూ అంటే ఇంకో చెంబుడు ఏడుస్తావని నోరు కట్టేసుకున్నా. కొట్టంలోకి పోయి బర్రెతో చెప్పుకున్నా. అదైతే తిరిగి అడగదు.'

నాకు ఘాటు తగిలింది అక్కయ్యా. ఆవిడకీ తగిలింది. టిక్కీలు పక్క గదిలోనే ఉన్నాయి కదా.

తర్వాత లేచి, 'ఇవాళ్టి సూది ఏదీ?' అంది. కోటేష్ తెచ్చాడు. మూత తియ్యడానికే తంటాలు పడుతున్నాడు. 'ఇట్టా ఇయ్యి' అంది. పశువుల డాక్టరు దొరకనప్పుడు కొట్టంలో సూదులన్నీ ఆవిడే వేస్తుందట. నేను ససేమిరా అన్నాను. డాబా ఎక్కి డాక్టరమ్మకి వీడియో కలిపాం. ఎక్కడ, ఎంత లోతు, ఎలా అని డాక్టరమ్మ అడిగిన ప్రతిదానికీ అత్తయ్య టకటకా చెప్పింది. చివర్లో డాక్టరమ్మ, 'ఇన్నాళ్ళు ఎక్కడ పని చేశారమ్మా?' అంది. 'మా కొట్టంలోనే' అంది అత్తయ్య. డాక్టరమ్మకి ఏం అర్థమైందో, సరేనంది.

సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంది. నన్ను గోడకి ఆనుకుని నిలబడమంది. నా నడుం కింద ఫట్‌మని ఒక్క చరుపు చరిచింది. 'అదేంటత్తయ్యా' అని తిరిగేలోపు, 'అయిపోయింది, కూచో' అంది. నిజంగా నొప్పి తెలియలేదు. సూది కన్నా చరుపే నొప్పి. వేస్తున్నంతసేపూ నాలుకతో 'చ్చొ చ్చొ చ్చొ' అంటుంది. చుక్కబర్రెతో అనేది అదే. నాకు నవ్వాగదు. కదిలితే ఇంకో చరుపు.

ఇప్పుడు నాకూ చుక్కకీ ఒకేలా జరుగుతోంది. పొద్దున్నే ఇద్దరినీ చూసి, ఇద్దరి మూతులూ నిమిరి, 'మేత సరిగా తిన్నదా?' అని అడుగుతుంది. ఎవరి గురించి అడిగిందో చూసుకుని జవాబు చెప్పాలి. నస్రత్‌కీ అత్తయ్యే చెప్పింది. ఊళ్ళో ఎవరైనా సాగదీస్తే, 'నీ ఇంట్లో పాలు ఏ బర్రెవి?' అంటోంది. ఇంక ఎవరూ మాట్లాడటం లేదు.

కానీ భయం పోలేదు. మూడో నెల ఇంకా నిండలేదు. పోతే? అని అడిగాను అత్తయ్యని. 'పోతే ఈసారి ఇద్దరం కొట్టంలోకి పోదాం' అంది.

నువ్వు వంకాయ ఎందుకు మానావు? బావగారు రాశారు.

అమ్మడు


పెదకాకాని
జూన్ 3

అమ్మడూ,

మూడో నెల నిండిందన్న కబురు అందింది. స్వామికి చెప్పాను. ఆయనకి ముందే తెలిసి ఉంటుంది. అయినా చెప్పాను.

సూదులు ఇక చాలన్నారు కనక వదినగారి చరుపులు కూడా చాలని నా తరఫున చెప్పు.

ఈ వైద్యం దేవుడికి ఇష్టమేనా అని నువ్వు ఆరేళ్ళ కిందట నన్ను అడిగావు. నాకప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడూ పెద్ద జవాబేమీ లేదు. రోజూ దీపం వెలిగిస్తాను. అగ్గిపెట్టె కొట్లో కొన్నదే.

గుడి తలుపులు తెరుస్తారట. మీ బావగారు కండువా ఉతికించుకున్నారు. ఇల్లు నిశ్శబ్దమవుతుంది.

వంకాయ సంగతి తర్వాత.

అక్క

(తర్వాత అంటే ఎప్పుడో కనుక్కుని రాయి తల్లీ. నాకూ చెప్పదు. శేషాచలం.)


ఒంగోలు, ఆస్పత్రి
నవంబరు 16

అక్కయ్యా,

ఫోనులో విన్నావు. అయినా ఉత్తరంలో రాయకపోతే పుట్టినట్టనిపించడం లేదు.

ఆడపిల్ల. పుట్టగానే నిగనిగలాడే వంకాయ రంగులో ఉంది. ఏడవలేదు. గదిలో అందరూ మాస్కులే, ఎవరి మొహంలో ఏముందో తెలియదు. నాకు ఆ చాప గుర్తొచ్చింది. ఇక్కడి డాక్టరమ్మ తలకిందులుగా పట్టుకుని ఒక్క చరుపు చరిచింది. ఏడ్చింది. ఎర్రగా పండుమిరపకాయలా అయింది.

తలుపు బయట అత్తయ్యకి ఆ చప్పుడు వినపడిందట. 'అది మా చరుపే' అని అందరికీ చెప్పుకుంటోంది. కోటేష్ నిలబడే ఉన్నాడు. పాపకి మొదటి టీకా వేసేటప్పుడు మాత్రం కూర్చున్నాడు.

చుక్కబర్రె కూడా పోయిన వారమే ఈనింది. పెయ్యదూడ. అత్తయ్య రెండు చోట్లా దిష్టి తీస్తోంది. ముందెవరికి తీసిందని నేను అడగలేదు.

ఊళ్ళోనించి నీకొక బుట్ట పంపిస్తోంది. ఇప్పుడైనా చెబుతావా?

అమ్మడు


పెదకాకాని
నవంబరు 21

అమ్మడూ,

బుట్ట చేరింది. లేత వంకాయలు, తొడిమలు కూడా వాడలేదు.

నీకు నిలిచిందని తెలిసిన రోజు మొక్కుకున్నాను. బిడ్డ ఏడుపు వినేదాకా వంకాయ ముట్టనని. ఇంకేదైనా మానొచ్చు. కానీ అంతకన్నా ఇష్టమైనది నాకు వేరే లేదు. చెబితే మొక్కు నీ మెడకి బరువవుతుందని చెప్పలేదు. తర్వాత నువ్వు ఉత్తరం నిండా గుత్తి, పులుసు, బండపచ్చడి అని రాశావు. స్వామి నన్ను బాగానే పరీక్షించాడు.

ఫోనులో నువ్వు బిడ్డ ఏడుపు వినిపించాక మొక్కు సంగతి మీ బావగారికి చెప్పాను. బుట్ట దిగగానే ఆయన నేరుగా వెళ్ళి కత్తిపీట తెచ్చి నా ముందు పెట్టారు.

గుత్తివంకాయ చేశాను. పంక్తిలో ఉన్నది ఆయన ఒక్కరే. మళ్ళీ మళ్ళీ వడ్డించాను.

కోస్తుంటే బుట్ట అడుగున ఒక కాయకి చిన్న చిల్లు కనిపించింది. విడిగా గుడ్డలో చుట్టి ఉంది. కోసి చూశాను. పురుగు లేదు. వదినగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆ కాయ స్వామి ముందు పెట్టి, నేనే తిన్నాను. మీ బావగారికి ఇవ్వలేదు.

అక్క